మాడుగుల హల్వా ఫ్రిజ్‌లోనే ఉంది

ఇంట్లో మాడుగుల హల్వా ఉందంటే నాకు క్లాసులో పాఠం చెబుతున్నా దాని మీదే ధ్యాస. అలాంటిది, సంక్రాంతికి మేనత్త తెచ్చిన డబ్బా కనుమ వెళ్లిన చాలా రోజులకి ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక కనపడింది. ఉందన్న సంగతే మర్చిపోయాను. బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ తర్వాత తగ్గిన కిలోల గురించి అందరూ అడుగుతారు గానీ, నన్ను విస్తుపోయేలా చేసింది ఈ మరుపే.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. జీర్ణాశయం బొమ్మ నిద్రలో లేపి అడిగినా వేస్తాను. స్లీవ్‌లో అందులో 75–80 శాతం కోసి తీసేస్తారు. దాంతోపాటు పైనుండే ఫండస్ అనే భాగం కూడా పోతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం కనిపెట్టిన హార్మోన్ అది. భోజనం వేళకి రక్తంలో పెరిగి, మెదడులోని హైపోథాలమస్‌కి ఆకలి కబురు చేరుస్తుంది. అంతటితో ఊరుకోదు, తిండి కంటపడగానే మనసు లాగేలా చేసే డోపమైన్ దారుల్నీ కదుపుతుంది. పైగా ఆపరేషన్ తర్వాత తిన్నది పేగులోకి త్వరగా దిగుతుంది కాబట్టి, ఇక చాలని మెదడుకి చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై అనే పేగు హార్మోన్లు ఎక్కువగా వస్తాయి.

పొట్ట చిన్నదైంది కాబట్టి తినలేకపోతున్నావంటారు. అది సగమే నిజం. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. పొట్టలో చాలా భాగాన్ని దాటించి తిండిని పేగుకి పంపే గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవాళ్లకీ, పొట్టకి బ్యాండ్ వేయించుకున్నవాళ్లకీ స్కానర్‌లో తిండి ఫొటోలు చూపించారు. ఇంపైన తిండికి స్పందించే మెదడు భాగాలు బైపాస్ వాళ్లలో తక్కువగా మేల్కొన్నాయి. బ్యాండ్ కూడా పొట్టని బిగించేదే కదా, అంటే తేడా ఒక్క పొట్ట సైజుది కాదు మరి! స్థూలకాయుల మెదడులో డోపమైన్‌ని అందుకునే డీ2 గ్రాహకాలు తక్కువగా ఉన్నాయని 2001లోనే అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. తర్వాత వచ్చినవన్నీ దానితో ఏకీభవించలేదు. అది స్థూలకాయానికి కారణమో ఫలితమో కూడా తేలలేదు.

మా పెదనాన్నకి ఇవేవీ పట్టవు. "నోరు కట్టుకుంటే అయిపోను కదమ్మా, లక్షలు పోసి కోయించుకోడమేటి?" అన్నారు. భీమిలి నుంచి బస్సులో నిలబడి రోజూ ఏయూకి వెళ్లి ఎమ్మెస్సీ పాసైన పిల్లకి పట్టుదల లేదనా? ఆయన రెండు ఇడ్లీలు తిని చెయ్యి కడిగేసుకుంటారు, మూడోది ఆయన్ని పిలవదు. నన్ను పిలిచేది. ఇప్పుడు నన్నూ పిలవడం లేదు. మధ్యలో నా గుణమేమీ మారలేదే!

అలాగని అన్నీ మాయమైపోలేదు. బీ12, ఐరన్ మాత్రలు మానకూడదు. పేపర్లు దిద్దే రోజుల్లో ఆర్కే బీచ్ మురీ మిక్చర్ మీదకి మనసు పోతూనే ఉంటుంది. నిమ్మరసం, పచ్చి ఉల్లిపాయ, పొట్లం అడుగున మిగిలే కారం... ఆకలితో పనిలేని కోరిక అది. విసుగులోంచి పుట్టే కోరికని ఏ కత్తీ తీయలేదు మరి. కొన్నేళ్లకి కొంత బరువు తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారని డైటీషియన్ ముందే చెప్పింది.

ఈ మధ్య పెదనాన్న తన మనవరాలి కంచంలోంచి గారె తీసేస్తుంటే ఉండబట్టలేక, పిల్లని తిట్టడం మాని ముందు హార్మోన్ల డాక్టరుకి, అదే ఎండోక్రైనాలజిస్టుకి చూపించమన్నాను. అలిగారు. ఇంకా మాట్లాడ్డం లేదు. పిల్ల మాత్రం వాళ్లమ్మ ఫోన్ నుంచి నాకు రోజూ మెసేజ్ పెడుతోంది.