నొప్పికేనండీ

"పెళ్లయిందా అమ్మా?" చీటీ చూసి మెడికల్ షాపాయన అడిగాడు. వెనక నలుగురున్నారు. "నెలసరి నొప్పికండీ" అన్నాను, గట్టిగానే.

గుంటూరు కొత్తపేట డాక్టరమ్మ మాత్రం బీపీ చూసి, స్కానింగ్ చేయించి, మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగాకే ఈ హార్మోన్ మాత్రలు రాశారు, గర్భం రాకుండా వాడేవే. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. గర్భసంచి లోపలి పొర పల్చబడితే నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తగ్గుతాయని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఇన్నేళ్లలో నాకు ఇలా విడమరచి చెప్పింది ఆవిడొక్కరే.

"అందరికీ ఉండేదేలే, వాము నీళ్లు తాగు" అనే అమ్మ ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "నాకూ ఇలాగే ఉండేదే, ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు" అంది.

అప్పట్నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నా.