కుడుకలు ఎక్కని విమానం

మా అమ్మాయి అమెరికాలో ఇల్లు కొనుక్కుంది, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. గృహప్రవేశానికి తల్లిగారు ఒడిబియ్యం పోయాలి కదా. ఇల్లు ఎంత పెద్దది, అప్పు ఎంత అన్నవి మా ఆవిడకు తర్వాతి సంగతులు. ముందు బేగంబజార్ వెళ్ళి కుడుకలు (ఎండుకొబ్బరి చిప్పలు), పసుపుకొమ్ములు, పోకలు, ఖర్జూరాలు తెచ్చింది. బియ్యం మాత్రం తేవద్దని అమ్మాయి ఫోన్‌లో గట్టిగా చెప్పింది. ఖాప్రా అనే పురుగు వస్తుందన్న భయంతో 2011 నుంచి ప్రయాణికుల సామానులో మన దేశపు బియ్యాన్ని అమెరికా రానివ్వడం లేదు. పచ్చి కరివేపాకుదీ అదే గతి. నిమ్మ, నారింజ తోటలకు తెగులు అంటించే పురుగు దాని మీద కూడా బతుకుతుందట.

"బియ్యం లేని ఒడిబియ్యమా!" అని మా ఆవిడ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. బియ్యం అక్కడ కొందాం, కుడుకలైనా మనవి ఉంటాయి కదా అని సర్దిచెప్పింది నేనే.

ఇద్దరికీ కలిపి నాలుగు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. సర్దడంలో మా ఆవిడ ఎవరి మాటా వినదు. పచ్చడి డబ్బాకు మూడు కవర్లు, చుట్టూ టేపు, ఆ పైన పాత చీర ముక్క. కింద ఆవకాయ, గోంగూర. మధ్యలో సకినాలు విరగకుండా అల్లుడికి కొన్న తువ్వాళ్ళు. అన్నిటికీ పైన పసుపు బట్టలో మూటగట్టిన ఒడిబియ్యం సామాను, పూజ సామాను. వేలాడదీసి తూచే మిషన్ తెచ్చి ఇంట్లోనే పదిసార్లు తూచాం. అంతా అయ్యాక నేను నా షేవింగ్ సంచిని ఒక మూలకు తోశాను. ఈ మొత్తం సర్దుడులో నా చెయ్యి పడింది అంతే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి తుక్కుగూడ మీదుగా శంషాబాద్ చేరేసరికి రాత్రి పదైంది. కౌంటర్‌లో బరువు సరిగ్గా సరిపోయింది. సూట్‌కేసులు బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయాయి. ఇక చేతులు ఊపుకుంటూ పోవచ్చనుకుని ఇమిగ్రేషన్ వైపు నడుస్తుంటే ఫోన్ మోగింది. మీ బ్యాగులో ఏదో ఉంది, ఒకసారి వెనక్కి రావాలి అని.

మా ఆవిడకు కాళ్ళు వణికాయి. నాకూ టెన్షనే, కాకపోతే నేను దాన్ని కోపంగా మార్చుకోగలను. దారి పొడవునా సణుగుతూనే ఉన్నాను. ఇన్ని పచ్చళ్ళెందుకన్నాను, ఆ జిగురు టేపులు చూసి ఏ బాంబో అనుకుని ఉంటారన్నాను. ఆమె ఒక్క మాట కూడా తిరిగి అనలేదు.

తీసుకెళ్ళిన గది చిన్నదే. ఒక బల్ల, దాని మీద మా సూట్‌కేసు, పక్కన ఒక తెర. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. "భయపడకండి అంకుల్, మీరే తెరవండి, మేం ముట్టుకోం" అంది. తాళం తీస్తూ ఓరగా తెర వైపు చూశాను. ముప్పై మూడేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఆ రంగులు చూడగానే విషయం తెలిసిపోయింది. ఈ మిషన్లు ఎక్స్‌రేను రెండు శక్తి స్థాయిల్లో చూస్తాయి. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలతో అయిన వస్తువు నారింజ రంగులో, లోహం నీలంలో, మధ్యరకంవి ఆకుపచ్చలో కనిపిస్తాయి. మా సూట్‌కేసు దాదాపు మొత్తం నారింజే. ఆవకాయ, సకినాలు, సబ్బులు, చీరలు అన్నీ అదే రంగు. చిక్కేమిటంటే పేలుడు పదార్థాలు కూడా చాలావరకు ఆ రంగులోనే పడతాయి. చిక్కగా, దట్టంగా ఉన్న తిండి పదార్థం కనిపిస్తే వాళ్ళు ఆగి చూడటంలో తప్పేమీ లేదు.

కానీ ఆ అమ్మాయి వేలు పెట్టింది ఆవకాయ మీద కాదు, మూలనున్న నీలి మచ్చ మీద. "ఇది పవర్ బ్యాంకు కదా అంకుల్?"

నా షేవింగ్ సంచిలోదే. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు గురించి ఇంతకంటే రాయను.

లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో అయితే సిబ్బంది ఆర్పగలరు, కింద సామాను అరలో ఎవరుంటారు? అందుకే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. నాది 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్ అవర్లు. వంద వరకూ అనుమతి ఉంది కాబట్టి తీసి భుజం సంచిలో వేసుకున్నాను. పిల్లలకు వాట్ అవర్ లెక్కలు నేర్పిన మాస్టారి పరువు ఆ బల్ల మీదే పోయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పసుపు మూట చూసి ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఆంటీ, ఇందుల కుడుకలు ఉన్నయా?"

"ఉన్నయి బిడ్డా. ఒడిబియ్యానికి."

"కుడుకలు పోనియ్యరాంటీ. కర్పూరం, అగ్గిపెట్టె ఉన్నా తియ్యాలె."

కర్పూరం, అగ్గిపెట్టె అంటే అర్థమైంది. కుడుక ఏం చేసింది? తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎండుకొబ్బరిలో నూటికి అరవై పాళ్ళకు పైగా నూనె ఉంటుంది. కుప్పగా పోసి, కొంచెం తడి తగిలితే దానంతటదే వేడెక్కుతుంది. ఓడల్లో ఇది పాతకాలం నుంచీ తెలిసిన బాధే. అందుకే ప్రమాదకర సరుకుల జాబితాలో దానంతటదే అంటుకునే రకాల కింద రాశారు. ఐదు కుడుకలు విమానాన్ని తగలబెడతాయా అని వాదించవచ్చు. ఆ మాట పక్కవాడూ అంటాడు, వాడి పక్కవాడూ అంటాడు.

అప్పుడు మాత్రం మా ఆవిడ వాదించలేదు. ఆ మూల ఒక డబ్బా ఉంది, లైటర్లు, గ్యాస్ స్టవ్ వెలిగించేవి, ఎవరిదో ఉబ్బిన పవర్ బ్యాంకు. కుడుకలను అందులో పడేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఐదింటినీ కవర్లో పెట్టి ముడివేసి, కళ్ళకద్దుకుని, డబ్బాలో కాకుండా దాని పక్కన నేల మీద పెట్టింది. ఆ అమ్మాయి చూసి కూడా ఏమీ అనలేదు. మళ్ళీ సర్దేటప్పుడు మూత పడకపోతే సూట్‌కేసు మీద మోకాలు ఆనించి జిప్పు లాగింది కూడా.

విమానం ఎక్కాక నాకు కనిష్క గుర్తొచ్చింది. 1985 జూన్‌లో ఆ పేరున్న ఎయిరిండియా విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న సూట్‌కేసును ఎక్కించిన మనిషి తాను విమానం ఎక్కనే లేదు. ఆ మాట మా ఆవిడతో అనలేదు, విమానంలో అనాల్సిన మాట కాదు.

దుబాయ్‌లో చెప్పుకోవాల్సిందేమీ లేదు, కాళ్ళ నొప్పులు తప్ప. షికాగోలో సామాను మేమే తీసుకుని, కస్టమ్స్ దాటించి, కొలంబస్ విమానానికి మళ్ళీ అప్పగించాలి. మాంసం, బియ్యం, విత్తనాలు ఉన్నాయా అని అడిగారు. పచ్చళ్ళు, పిండివంటలు అని ఫారంలో రాసింది రాసినట్టు చెప్పాం, పొమ్మన్నారు.

కొలంబస్‌లో ఇంటికి చేరి సూట్‌కేసు తెరిస్తే పైన ఒక అచ్చు కాగితం. మీ సామాను తెరిచి తనిఖీ చేశాం అని అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ పెట్టిన చీటీ. అక్కడ మనల్ని పిలవరు. ఎర్ర గుర్తున్న తాళమైతే వాళ్ళ దగ్గరున్న తాళంచెవితో తీసి, మళ్ళీ వేసేస్తారు. అల్లుడు చెప్పబట్టి అలాంటివే కొన్నాను, తాళాలకు ఏమీ కాలేదు. సామానులో ఒక్కటీ పోలేదు. తువ్వాళ్ళయితే మేం మడిచినదానికంటే చక్కగా మడిచి ఉన్నాయి.

మా ఆవిడ మాత్రం పసుపు బట్ట ముడి వైపే చూస్తూ కూర్చుంది. ఆమె వేసే ముడి వేరు, ఇది వేరు. "ఎవరు ముట్టిన్రో ఏమో. ఆ పిల్ల నయం, నన్నే విప్పుమన్నది" అంది. నాకూ అదే అనిపించింది. శంషాబాద్‌లో సిగ్గుతో చచ్చిపోయాననుకున్నాను, కానీ మన సంచి మన చేతులతో విప్పుకున్నాం, ఏది ఎందుకు తీశారో మొహం చూసి చెప్పారు. ఇక్కడ మనం లేనప్పుడు పనంతా మర్యాదగానే జరిగిపోయింది. ఆ మర్యాద ఆమెకు నచ్చలేదు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే అమ్మాయి ఇండియన్ స్టోర్‌కు వెళ్ళి బియ్యం, కుడుకల ప్యాకెట్టు తెచ్చింది. ఐదు కుడుకలు ఏరి, పసుపు రాసి, కూతురి ఒడిలో పోసింది మా ఆవిడ. అంతా అయ్యాక ఆ ఖాళీ ప్యాకెట్టు తీసి అటూ ఇటూ తిప్పింది. వెనక ఇండియా అని రాసి ఉంది.

"ఇవెట్ల వచ్చినయే మరి?"

"ఓడల వచ్చి ఉంటయమ్మా."

ఆమె కాసేపు ఆలోచించింది. "వచ్చేసారి మనం కూడ ఓడలనే వద్దామా?" అని నన్ను అడిగింది. నవ్వుతోందో, నిజంగానే అడుగుతోందో నాకు ఇప్పటికీ తెలియదు.