నూటికి తొంభై తారు రోడ్డే అయినప్పుడు పికప్‌కి ఏ టైర్లు?

ఈ మధ్య మన దగ్గర పికప్ కొన్నవాళ్లు ఫస్ట్ సర్వీసింగ్ కూడా కాకముందే టైర్లు మార్చేస్తున్నారు. హన్మకొండలో కాసేపు రోడ్డు పక్కన నిలబడితే చాలు, వి-క్రాస్‌కో హైలక్స్‌కో పెద్ద పెద్ద మడ్ టైర్లు కనిపిస్తాయి, వాటి మీద బురద మాత్రం కనిపించదు. ఎవరి సరదా వాళ్లది, నేను వద్దనను. కానీ నాలాగా వారమంతా హన్మకొండ, కాజీపేట, వరంగల్ మధ్యనే తిరిగి, అప్పుడప్పుడు రేగొండ వైపు పొలానికో, వానాకాలంలో తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దాకానో పోయేవాళ్లకు లెక్క వేరేగా ఉంటుంది.

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, మడ్ టైర్లు ఏయిస్తున్న, బండి పులి లెక్క కొడతది" అన్నాడు. నెలకు ఎన్నిసార్లు బురదల దిగుతవురా అంటే, "దిగితే పనికొస్తయి కద" అంటాడు. ఆ "దిగితే" కోసం మిగతా రోజులన్నీ ఏం పోగొట్టుకుంటున్నామో చూసుకోవాలి కదా.

టైర్లలో మూడు రకాలు. హెచ్‌టీ అంటే రోడ్డు టైరు, కంపెనీ నుంచి చాలా బండ్లకు అదే వస్తుంది. ఎంటీ అంటే మడ్ టైరు, బ్లాకులు పెద్దవి, మధ్యలో గాళ్లు వెడల్పుగా, లోతుగా ఉంటాయి. ఏటీ ఈ రెండిటికీ మధ్యది. గాళ్లు వెడల్పయ్యే కొద్దీ నేలకు తగిలే రబ్బరు తగ్గుతుంది, తారు మీద బ్రేకు కొట్టినప్పుడు బండిని ఆపేది ఆ రబ్బరే. దానికి తోడు మంచి రోడ్డు టైరు బ్లాకుల మీద కత్తితో గీసినట్టు సన్నటి కోతలు ఉంటాయి, తడి రోడ్డు మీద పట్టుకు అవి బాగా సాయపడతాయి. మడ్ టైర్లలో అవి తక్కువ. మోత సంగతి సరేసరి, జనగామ దాటేసరికి పాటలు వినాలన్న కోరిక చచ్చిపోతుంది.

పికప్‌కి ఇంకో గొడవ ఉంది. ఖాళీ ట్రాలీతో వెనక బరువు ఉండదు. మన బండ్లకు వచ్చేది ఎక్కువగా పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడే మనం వేసుకునేది, ఆరిన తారు మీద అది వేయకూడదు, మలుపుల్లో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదాన్నొకటి బిగపట్టుకుని గేర్లు పాడవుతాయి. అంటే ఊళ్లో తిరిగినంతసేపూ బండిని తోసేది బరువు లేని ఆ వెనక చక్రాలే. ఇక మన రోడ్లు చూడండి. నాట్ల టైంలో కేజ్ వీల్స్ (ఇనుప చక్రాల) ట్రాక్టర్లు పొలంలోంచి ఎక్కి తారు మీద బురద పూసి పోతాయి, దాని మీద తుంపర పడిందంటే బండి పక్కకు జారుతుంది. కోతలప్పుడు సగం రోడ్డు వడ్లకు, మక్కలకు పోతుంది, వాటి మీద చక్రం పడితే బ్రేకు ఉన్నా లేనట్టే. నాకైతే అడవిలో ఇరుక్కుపోతామన్న భయం కంటే పరకాల రోడ్డు మీద వానలో బ్రేకు కొట్టే టెన్షనే ఎక్కువ. అందుకే టైరు ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది తడి తారు, ఆ తర్వాతే బురద.

బురద అంటే కూడా అన్నీ ఒకటి కాదు. చెల్క నేల, మొరం బాట అయితే మామూలు ఏటీ హాయిగా లాగేస్తుంది. రేగడి తడిస్తే మాత్రం రెండు చుట్లు తిరిగేసరికి ఏటీ గాళ్లన్నీ మట్టితో పూడుకుపోతాయి, ఇక అది నున్నటి టైరే. మడ్ టైరు అక్కడ కొంత నయం, చక్రం గట్టిగా తిరిగితే మట్టిని విసిరేసి మళ్లీ కొంచెం పట్టు దొరకబుచ్చుకుంటుంది, కానీ బాగా తడిసిన రేగడిలో దానికీ దిక్కు పక్క పొలం ట్రాక్టరే. ఆ ఒక్క రోజుకు బండిని తారు మీద ఆపి నడిచిపోవడం నయం అని నా అభిప్రాయం.

ఏటీ వేయడానికి నాకు కనిపించే గట్టి కారణం వేరే ఉంది, పత్తి కొయ్యలు. పత్తి ఏరడం అయిపోయాక కట్టె కొట్టేస్తారు, మొదళ్ల దగ్గర ఏటవాలుగా తెగిన ముక్కలు మిగిలి ఎండిపోతాయి. చేనులో బండి తిప్పేటప్పుడు అవి టైరు పక్క భాగంలోకి దిగుతాయి. అడుగున పంచరైతే ప్లగ్ కొట్టించుకోవచ్చు, సైడ్‌వాల్‌లో దిగితే ఆ టైరు పోయినట్టే, ఎవరైనా ప్యాచ్ వేసిస్తామన్నా హైవే మీద దాన్ని నమ్మొద్దు. మందమైన సైడ్‌వాల్ ఉన్న ఏటీ ఇక్కడ డబ్బుకు న్యాయం చేస్తుంది. మరీ మందమైన ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం మాత్రం బరువెక్కువ, ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, మైలేజీ కూడా ఎంతో కొంత తగ్గుతుంది. ఎప్పుడూ మిర్చి బస్తాలు నింపుకుని ఏనుమాముల మార్కెట్‌కు పోయే బండైతే అది తీసుకోండి. లేదంటే మామూలు రకం ఏటీ చాలు. యోకోహామా జియోలాండర్ ఏటీ, అపోలో ఆప్టెర్రా ఏటీ లాంటివి రోడ్డు వైపు మొగ్గిన ఏటీలు. బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2 మొండిది, అడవిలో, రాళ్లలో ఎక్కువ తిరిగేవాళ్లకు సరే, నా వాడకానికి అది ఎక్కువ.

సైజు దగ్గర ఆశ పడొద్దు. 255/60 ఆర్18 బండికి 265/65 ఆర్18 వేస్తే చక్రం ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్ల నుంచి 802కి పోతుంది, అంటే 5 శాతం. మీటరు 100 చూపిస్తుంటే మీరు నిజంగా 105లో పోతున్నట్టు. బండి ఊపు తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకోవచ్చు, క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెట్టినా పెడతారు. కంపెనీ సైజే వేయండి, సైజు పక్కనుండే లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 112 అంటే టైరుకు 1120 కిలోలు, 108 అంటే 1000 కిలోలు. కంపెనీ టైరు మీద ఉన్న అంకె కంటే తక్కువది, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా, ట్రాలీ ఉన్న బండికి వేయకూడదు.

షాపులో బిగించకముందే సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివర ఉండే నాలుగు అంకెలు చదవండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. ఏటీలు మన ఊళ్లలో నెమ్మదిగా అమ్ముడుపోతాయి, గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నది మీకు అంటగట్టకుండా చూసుకోవాలి. అంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి, అటువైపు తిప్పి చూపించమంటే మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. నాలుగూ ఒకేసారి మార్చండి, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు అరిగినవి, వెనక కొత్తవి పెడితే ఫోర్‌హెచ్‌లో, అంటే ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు, ఇరుసుల మధ్య తేడా పడుతుంది. డబ్బు సరిపోతే స్టెప్నీ కూడా అదే కొని, ఐదూ మార్చి మార్చి తిప్పితే ఇంకా మంచిది.

ఇక గాలి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, పొద్దున బండి కదలకముందు కొట్టించాలి. మన మే నెల ఎండల్లో గాలి తక్కువగా ఉన్న టైరుతో జాతీయ రహదారి మీద 100లో పోవడం పేలుడు కొనితెచ్చుకోవడమే. ఇసుకలో, మెత్తటి మట్టిలో దిగే ముందు మాత్రం 20 పీఎస్ఐ దాకా తగ్గించి మెల్లగా పోండి, టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. మళ్లీ తారు ఎక్కగానే నింపుకోవాలి, దానికి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ సీటు కింద పడేసుకుంటే చాలు. బామ్మర్దికి ముందు అదే కొనమని చెప్పాను.