డిక్కీలో ముప్పై కిలోలు

సైదాబాద్‌లో మా గల్లీలోకి తిరిగేసరికి రాత్రి పదిన్నర అయింది. శంషాబాద్ నుంచి ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్ మీదుగా వస్తున్నంతసేపూ బామ్మర్ది మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఊ కొడుతూనే ఉన్నాను. గేటు దగ్గర అమ్మ, నా భార్య, ఎదురింటి ఆంటీ, అమ్మ కొంగు పట్టుకుని నిద్రమొహంతో నా కూతురు. బామ్మర్ది కారు ఆపి సీటు పక్కనున్న లివర్ గుంజాడు. డిక్కీ దగ్గర నిలబడ్డ నాకు 'టక్' అనే చప్పుడు వినపడలేదు.

"వచ్చిందా బావా?"

"రాలే. ఇంకోసారి గుంజు."

ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఐదుసార్లు గుంజాడు. డిక్కీ కదల్లేదు. ఎదురింటి ఆంటీ నా భార్య దగ్గరికి జరిగి, "మీ ఆయన అక్కడ కార్లే గదా రిపేర్ చేసేది?" అని మెల్లగా అడగడం మాత్రం చాలా స్పష్టంగా వినపడింది.

కార్లే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పదకొండేళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ని. తెరుచుకోని డిక్కీలు నాకు వారానికి రెండుమూడు వస్తాయి. లోపల చిక్కుకున్నది నా సామాను కావడం మాత్రం అదే మొదటిసారి.

బామ్మర్దిని దింపి నేను కూర్చుని లివర్ పట్టుకున్నాను. గుంజినప్పుడు చేతికి ఏమీ తగలకుండా వదులుగా వచ్చేస్తే కేబుల్ తెగినట్టు, లేదా దాని కొస ఊడినట్టు. బిగుసుకుని ఉంటే కేబుల్ బాగానే ఉంది, అవతల లాకే ఇరుక్కుంది. ఇది బిగుసుకుని ఉంది. ఇలాంటప్పుడు ముందు చేసే పని ఒకటే. ఒకరు డిక్కీ మూత మీద బరువేసి కిందికి ఒత్తాలి, అదే క్షణంలో ఇంకొకరు లివర్ గుంజాలి. సామాను ఎక్కువై లోపలినుంచి మూతను పైకి తోస్తుంటే కొక్కెం వదలదు. పైనుంచి ఒత్తితే ఆ బిగువు సడలుతుంది. చాలా కార్లకు అంతటితో సరిపోతుంది. పనిముట్లు కూడా అక్కర్లేదు, ఒక లావాటి మనిషి ఉంటే చాలు. బామ్మర్ది ఎక్కి కూర్చున్నాడు. రాలేదు. తాళంచెవి పెట్టి తిప్పితే సగం తిరిగి ఆగిపోయింది. అంటే కొక్కెంలో ఏదో అడ్డం పడింది.

"చాదర్‌ఘాట్‌ల ఒక మెకానిక్ ఉన్నడు బావా, ఫోన్ చేస్తే ఇప్పుడే వస్తడు."

"వద్దులే. పొద్దున చూద్దాం."

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే ముందు గ్యారేజీ సంగతి కొంచెం చెప్పాలి.

అక్కడ డిక్కీ రాలేదంటే సగంసార్లు తప్పు బ్యాటరీదే. ఆ ఎండలకు బ్యాటరీ రెండేళ్లు లాగితే గొప్ప. చాలా కొత్త కార్లలో డిక్కీకి కేబులూ లివరూ ఏమీ ఉండవు, బటన్ నొక్కితే చిన్న మోటార్ లాక్‌ని వదులుతుంది. బ్యాటరీ పడుకుంటే మోటారూ పడుకుంటుంది. కొన్ని బీఎండబ్ల్యూల్లో ఆ బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటుంది. అంటే డిక్కీ తెరవాలంటే బ్యాటరీ కావాలి, బ్యాటరీ కావాలంటే డిక్కీ తెరవాలి. అందుకే వాటికి బానెట్ కింద విడిగా టెర్మినల్స్ ఇస్తారు, అక్కడ కరెంటు అందిస్తే పని జరిగిపోతుంది. రిమోట్ తాళాల లోపల అసలు తాళంచెవి దాగి ఉంటుందని చాలామంది ఓనర్లకు తెలియదు. అది లాగి చూపించగానే నేనేదో మంత్రం వేసినట్టు చూస్తారు. ఇంకా కొన్ని కార్లలో గ్లవ్ బాక్సులో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పార్కింగ్ కుర్రాళ్ల చేతికి కారు ఇచ్చినప్పుడు డిక్కీ తెరవకుండా ఆపడానికి పెట్టింది. పిల్లలెవరో దాన్ని నొక్కేసి ఉంటారు, ఓనరేమో మోటార్ పోయిందని నా దగ్గరికి వస్తాడు. దానికి నేను డబ్బులు తీసుకోను. మా మలయాళీ ఫోర్‌మన్ తీసుకుంటాడు.

నాకు బాగా నచ్చే రిపేరు వేరే ఉంది. డిక్కీ మూతకూ బాడీకీ మధ్య, హింజ్ పక్కన ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. మూత తెరిచినప్పుడల్లా అవి వంగుతాయి, మూసినప్పుడల్లా మళ్లీ వంగుతాయి. ఏళ్ల తరబడి అలా వంగి వంగి ఒకరోజు ఒక వైరు లోపలే తెగిపోతుంది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు, చూస్తే అంతా బాగానే ఉంటుంది. వేళ్లతో ఒక్కో వైరునూ సాగదీస్తూ పోతే, తెగినచోట రబ్బరులా సాగుతుంది. దాన్ని పట్టుకోవడానికి మీటర్ కంటే వేళ్లే నయం.

ఒక ఆగస్టులో ఓ పెద్దమనిషి చేపల మార్కెట్ నుంచి నేరుగా మా దగ్గరికొచ్చాడు. డిక్కీలో రెండు పెద్ద హమ్మూర్ చేపలు, బటన్ పనిచేయడం లేదు. బయట నలభై ఐదు డిగ్రీలు దాటింది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది. మాది రేకుల షెడ్డు కాబట్టి అది ఎండ కిందికి రాదట. ఆ రేకుల కింద ఆ చేపల కోసం గంటసేపు తిప్పలు పడ్డాను. తెరిచాక ఆయన చేపలవైపు చూసి, నావైపు చూసి, "షంతా ఓకే, సమక్ ఖలాస్" అన్నాడు. డిక్కీ బాగైంది, చేప పోయింది. మా దగ్గరికొచ్చే ఈజిప్టు వాళ్లు డిక్కీని షంతా అంటారు. సూట్‌కేసు కూడా షంతాయే. డిక్కీ అనే మన మాట కూడా అసలు మనది కాదు. పాత ఇంగ్లీషు కార్లలో వెనకవైపు మడతసీటు ఒకటి ఉండేది, దాన్ని డిక్కీ సీటు అనేవాళ్లు. సీటు ఎప్పుడో పోయింది, పేరును మనం దాచుకున్నాం.

నా షంతా విషయానికొస్తాను. విమానంలో 30 కిలోలు. సూట్‌కేసు ఇరవై ఒకటి, కార్టన్ తొమ్మిది. రూంలో వేలాడదీసే తూకంతో నాలుగుసార్లు తూచి, నిడో పాలపొడి డబ్బా ఒకటి తీసేసి, టాంగ్ ప్యాకెట్లు రెండు కలిపి, మళ్లీ తూచి సర్దాను. కార్టన్‌కు టేపు చుట్టి, పైన పసుపురంగు నైలాన్ తాడు కట్టాను. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతివాడి పెట్టె ఇలాగే ఉంటుంది. ఒకప్పుడు టీవీలు కూడా తెచ్చేవాళ్లు. మా పెదనాన్న కొడుకు 2011లో దుబాయ్ నుంచి 32 అంగుళాల టీవీ మోసుకొస్తే గల్లీ గల్లీ చూడ్డానికి వచ్చింది. 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీలకు డ్యూటీ కట్టాల్సి రావడంతో ఆ ముచ్చట ఆగిపోయింది.

ఇంటికి చేరిన రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలుసు. హాల్లో చాప పరుస్తారు. సూట్‌కేసు తెరుస్తాను. చుట్టూ అందరూ కూర్చుంటారు. ఇది అక్కకు, ఇది బావకు, ఈ సెంటు చిన్నమ్మకు, ఈ పిస్తాలు ఎదురింటికి. పోయినసారి చిన్నమ్మ తనకిచ్చిన సీసాను మేనత్త సీసా పక్కన పెట్టి ఎత్తు చూసింది. గంట తర్వాత చాప మీద ప్లాస్టిక్ కవర్లు, ఖాళీ సూట్‌కేసు, నేను మిగులుతాం. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. రెండేళ్లకోసారి వచ్చేవాడు ఏం తెచ్చాడా అని చూడటం సహజం, చిన్నప్పుడు నేనూ అలాగే చూశాను. కానీ ఎప్పుడైనా సూట్‌కేసు లేకుండా వెళ్తే ఎలా ఉంటుందో అని షార్జాలో పైబెడ్ మీద పడుకుని చాలాసార్లు అనుకున్నాను. ఆ రాత్రి డిక్కీ బిగుసుకున్నప్పుడు నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ రాలేదు. వెనకసీటు ఊడదీస్తే అరగంటలో దారి దొరుకుతుందని తెలుసు. ఇంట్లో నాన్న పానాల సంచి ఉంటుందనీ తెలుసు. అయినా పొద్దున చూద్దాం అన్నాను.

ఎదురింటి ఆంటీ వెళ్తూ వెళ్తూ, "ఎప్పుడు పోతున్నవ్ బాబూ?" అంది. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు నేను.

బట్టలన్నీ డిక్కీలోనే. స్నానం చేసి నాన్న లుంగీ కట్టుకున్నాను. బీరువాలోంచి తీసింది, నాఫ్తలీన్ వాసన. కూతురు మొహం ముడుచుకుని కూర్చుంది. నడుస్తుంటే లైట్లు వెలిగే బూట్లు తెస్తానని ఫోన్లో మాటిచ్చి ఉన్నాను. "కారు లోపల ఉన్నయి గదా, మరి లైట్లు వెలుగుతున్నయా?" అని అడిగింది. ఎవరూ తొడుక్కోలేదు కాబట్టి వెలగవని చెప్పాను. ఆ జవాబు తనకు నచ్చలేదు. అయినా కాసేపటికి వచ్చి నా చెయ్యి మీద తలపెట్టి పడుకుంది.

చాప పరవాల్సిన పని లేకపోవడంతో అందరూ వంటింట్లోకే వచ్చి కూర్చున్నారు. గోంగూర మటన్, పప్పుచారు. అమ్మ వడ్డిస్తూ ఎడమచేత్తో గరిటె పట్టుకుంటోంది. ఆమె ఎడమచేతి వాటం మనిషి కాదు. అడిగితే ఏం లేదంది. మళ్లీ అడిగితే, ఆషాఢంలో బాత్రూంలో జారిపడిందనీ, మణికట్టుకు నెలన్నర పట్టీ వేశారనీ, నాకు చెప్పొద్దని అందరితో ఒట్టు వేయించుకుందనీ నా భార్య చెప్పింది. వారానికి రెండు వీడియో కాల్స్ చేస్తాను. ఆ నెలన్నరా అమ్మ ఫోన్లో మొహం మాత్రమే చూపించిందని అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున ఆరింటికి గేటు చప్పుడైంది. నాన్న కారు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో పానాల సంచి. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. నన్ను చూడకుండానే, "కొక్కెంల ఏదో పడ్డది," అన్నాడు. తర్వాత సంచి కింద పెట్టి, "రాత్రే తెలిసింది గదా నీకు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయనా రెట్టించలేదు.

వెనకసీటు కింది దిండు రెండు చేతులతో పైకి లాగితే ఊడొచ్చింది. వీపు ఆన్చే భాగానికి కింద మూడు బోల్టులు, పన్నెండో నంబర్ పానా. అది తీస్తే వెనక రేకు, దానిలో తల, ఒక భుజం పట్టేంత ఖాళీ. సూట్‌కేసును పక్కకు తోసి దూరాను. లోపల చిమ్మచీకటి, ఫోన్ టార్చ్ పళ్లమధ్య పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ కళ్లు హ్యాండిల్ కోసం వెతికాయి. షార్జాలో అమెరికా నుంచి దిగుమతైన కార్లు చాలా వస్తాయి. 2001 సెప్టెంబర్ నుంచి తయారై అమెరికాలో అమ్మే డిక్కీ కార్లన్నిటికీ లోపలినుంచి తెరుచుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. చాలావాటికి చీకట్లో ఆకుపచ్చగా మెరిసే ఒక పిడి ఉంటుంది. ఆటల్లో పిల్లలు డిక్కీలో దూరి, మూత పడి చనిపోయిన తర్వాత తెచ్చిన రూల్ అది. బామ్మర్ది పాత కారులో అలాంటిదేం లేదు.

వెనకనుంచి నా కూతురు గొంతు. "నానా, నేను చిన్నగున్న గదా, నేను పోతా లోపలికి." నేను నోట్లో ఫోన్ ఉండగానే "వద్దు" అని అరిచాను. ఏం వినపడిందో గానీ నాన్న ఆమెను పక్కకు లాగాడు.

చెయ్యి చాపితే లాక్ అంచు వేలికి తగిలింది. దాని నోట్లోంచి పసుపురంగు తాడు కొస ఒకటి బయటికి వేలాడుతోంది. కార్టన్‌కు కట్టిన తాడే. ఎయిర్‌పోర్టులో హడావుడిగా సర్దేటప్పుడు కొస బయట పడి, మూత వేయగానే కొక్కెంలో నలిగి, పచ్చడి బండ కింద కొబ్బరిపీచులా దిగబడింది. నైలాన్ కాబట్టి తెగలేదు. తెగి ఉంటే రాత్రే తెరుచుకునేది.

నాన్న ఆక్సా బ్లేడు ముక్క అందించాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్లి డిక్కీ మీద కూర్చున్నాడు. బామ్మర్ది లివర్ పట్టుకున్నాడు. నేను బ్లేడుతో కోస్తుంటే ఒక్కో పోగూ తెగుతోంది. "ఇప్పుడు గుంజు" అన్నాను. నాన్న కొంచెం ఎగిరి కూర్చున్నాడు. టక్. మూత లేచేసరికి ఆయన దాదాపు కిందపడబోయి నిలదొక్కుకుని, లుంగీ సర్దుకుని, గల్లీలో ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. ఆంటీ బాల్కనీలోనే ఉంది.

లాక్‌లో మిగిలిన పోగుల్ని కటింగ్ ప్లేయర్‌తో పీకి, గ్రీజు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో నాలుగుసార్లు మూసి తెరిచి చూశాకే మూత వేశాను. పని చేసిన లాక్‌ని మూత వేయకముందే చేత్తో ఆడించి చూడాలి. ఈ ఒక్కటి మర్చిపోయి మళ్లీ వెనకసీటు ఊడదీసినవాళ్లను చాలామందిని చూశాను.

తొమ్మిదింటికి చాప పరిచారు. అక్కావాళ్లు వచ్చారు. చిన్నమ్మ వచ్చింది. ఈసారి సెంటు సీసాలు రెండూ ఒకే ఎత్తువి తెచ్చాను. కూతురు బూట్లు తొడుక్కుని గల్లీలోకి పరుగెత్తింది, ఎండలో లైట్లు కనపడక వెనక్కొచ్చి, బాత్రూంలో తలుపేసుకుని దబదబా అడుగులేస్తూ కూర్చుంది. లోపలినుంచి ఒకటే నవ్వు.

కార్టన్ విప్పాక అమ్మ ఆ పసుపురంగు నైలాన్ తాడు రెండు ముక్కల్నీ ఏరింది. కుడిచేతి మణికట్టును పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తో మెల్లగా చుట్టచుట్టి, రెంటినీ ముడేసి, వంటింటి అటక మీద పెట్టమని నాకిచ్చింది. "పోయేటప్పుడు పనికొస్తది."

నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "ఈసారి కొసలు లోపలికి మడిచి కట్టు."