ప్రెసిడెంటు చేతిలో ఏముంది?

కాలేజీ క్లబ్బుల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు గొడవలు సర్దుబాటు చేయడం నేర్పుతుంటాను. ఆఫీసు మేనేజర్ల కోసం తయారైన పాఠాలు వీళ్లకు సగమే పనికొస్తాయి. మేనేజరు చేతిలో ప్రమోషన్ ఉంటుంది, ఇంక్రిమెంట్ ఉంటుంది. స్టూడెంట్ ప్రెసిడెంటు చేతిలో ఏముంది? పైగా పొద్దున మందలించాల్సినవాడే రాత్రికి రూమ్మేటు.

ముందుగా మేనేజ్‌మెంట్ పరిశోధకులు థామస్, కిల్మన్ 1974లో తెచ్చిన ప్రశ్నావళి ఇస్తాను. 30 జతల వాక్యాలు, ఒక్కో జతలో తమకు నప్పేది ఎంచుకోవాలి. గొడవొస్తే పంతం పడతారా, తప్పించుకుంటారా, సర్దుకుపోతారా, చెరిసగం అంటారా, కలిసి కూర్చుని దారి వెతుకుతారా అన్నది బయటపడుతుంది. స్టేజీ మీద మైకు వదలనివాళ్లకు కూడా చాలాసార్లు ‘తప్పించుకోవడం’ దగ్గరే ఎక్కువ మార్కులు పడతాయి. నాకు ఆశ్చర్యం లేదు. గొడవపడ్డ ఒక్కడిని వదిలేసి కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టడం తప్పించుకోవడం కాక మరేమిటి?

అసలు టైమంతా ఒక్క ప్రశ్న మీదే పెడతాను: ‘నీకు అదే ఎందుకు కావాలి?’ మేనేజ్‌మెంట్ మీద రాసిన అమెరికన్ మేధావి మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో చెప్పిన లైబ్రరీ ముచ్చట ఇక్కడ బాగా పనిచేస్తుంది. చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఫాలెట్ మూసే ఉంచాలన్నారు. చివరికి పక్కనున్న ఖాళీ గది కిటికీ తెరిచారు. అవతలివారికి కావాల్సింది గాలి, ఆమెకు అక్కర్లేనిది నేరుగా మీద పడే ఉత్తరపు గాలి. ఇద్దరూ ఏమీ వదులుకోలేదు.

తర్వాత ఒకే సాయంత్రం ఆడిటోరియం కోసం డాన్స్ క్లబ్బు, డిబేట్ క్లబ్బు కొట్టుకుంటున్నట్టు నటించమంటాను. మొదట్లో ‘మేం ముందు అడిగాం’ అన్న అరుపులే. ఎందుకని అడిగాక సంగతి తెలుస్తుంది: డాన్స్ వాళ్లకు అంత పెద్ద స్టేజీ కావాలి, డిబేట్ వాళ్లకు మైకు, కుర్చీలు చాలు. అవి సెమినార్ హాల్లోనూ ఉంటాయి. ఒప్పుకున్నాక ఎవరు, ఏది, ఎప్పటికి అని రెండు లైన్లు రాసి ఇద్దరికీ పంపమంటాను. రాయకపోతే ఫెస్ట్ ముందురోజు మళ్లీ అదే పంచాయితీ.

అన్ని గొడవలూ సర్దేవి కావు. ఇది మాత్రం గట్టిగానే చెబుతాను. ర్యాగింగ్, వేధింపులు, లెక్క తేలని డబ్బు వస్తే ప్రెసిడెంటు మధ్యవర్తి కాకూడదు. విని, రాసుకుని, ఆ రోజే బాధ్యులైన అధ్యాపకులకు చేర్చాలి. ‘ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అనకూడదు.

‘నింద పడింది నా ఫ్రెండ్ మీదైతే?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఆ ఫిర్యాదు వినాల్సింది నువ్వు కాదు, వైస్ ప్రెసిడెంటు అంటాను.