ఆఫ్రికా కొమ్ము తీరం ఎలా చదవాలి: ముందు స్కేలు, తర్వాతే సంవత్సరాలు

సివిల్స్ సిలబస్‌లో ఆఫ్రికాకు విడిగా చాప్టర్ లేదు. జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో వలస పాలన, వలసల విముక్తి, సరిహద్దుల మార్పు అని ఒక ముక్క ఉంటుంది. ప్రిలిమ్స్‌లో మ్యాపు బిట్లు వస్తాయి. రెండో పేపర్లో ఎర్ర సముద్రం, జిబౌటిలోని విదేశీ స్థావరాలు తగులుతాయి. ఈ మూడూ ఒకేచోట కలిసే తీరం ఆఫ్రికా కొమ్ము, అంటే ఖండానికి తూర్పున కొమ్ములా పొడుచుకొచ్చిన ఎరిత్రియా, జిబౌటి, ఇథియోపియా, సోమాలియాల ప్రాంతం. ఖండం మొత్తం చదివే టైం లేనివాళ్లు ఈ ఒక్క తీరాన్ని గట్టిగా పట్టుకున్నా పెట్టిన టైం వృథా కాదు.

మామూలుగా అందరం చేసేది ఏమిటంటే, బ్రిటిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ అనే మూడు సోమాలీలాండ్లకూ టేబుల్ గీసి, పక్కన సంవత్సరాలు రాసి బట్టీ పట్టడం. నెల తిరిగేసరికి ఫ్రాన్స్ సంవత్సరం ఇటలీకి, ఇటలీది బ్రిటన్‌కి అంటుకుంటుంది. ‘వీళ్లకి ఇక్కడ ఏం పని పడింది?’ అన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే సంవత్సరం దానంతటదే నిలుస్తుంది. ఆ జవాబు దొరికేది టేబుల్లో కాదు, మ్యాపులో.

ఒక ఏ4 కాగితం, స్కేలు తీసుకోండి. ఒక డిగ్రీకి ఒక సెంటీమీటరు. ఎడమ అంచు 38 డిగ్రీల తూర్పు రేఖాంశం, కింది అంచు 2 డిగ్రీల దక్షిణ అక్షాంశం అనుకోండి. కింది నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో అడ్డగీత గీస్తే అదే భూమధ్యరేఖ. ఇక చుక్కలు. ముందు చెప్పేది ఎడమ నుంచి, తర్వాతిది కింది నుంచి, అన్నీ సెంటీమీటర్లలో: మసావా 1.5, 17.6. అస్సాబ్ 4.7, 15. జిబౌటి 5.1, 13.6. బెర్బెరా 7, 12.4. గార్డాఫుయ్ అగ్రం 13.3, 13.8. మొగదిషు 7.3, 4. కిస్మాయో 4.5, 1.6. ఈ వరుసలోనే చుక్కలు కలిపితే కొమ్ము ఆకారం వచ్చేస్తుంది. చివరగా అవతలి ఒడ్డున, యెమెన్‌లోని ఏడెన్ రేవు పెట్టండి: 7, 14.8.

ఇప్పుడు కాగితం చూడండి. ఏడెన్‌కి సరిగ్గా కిందే బెర్బెరా ఉంది. మధ్యలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, అంటే సుమారు 260 కిలోమీటర్ల నీళ్లు. బ్రిటిష్ సోమాలీలాండ్ ఎందుకు పుట్టిందో ఈ రెండు చుక్కలే చెబుతాయి. దాని సంగతి కింద వస్తుంది.

కిస్మాయో భూమధ్యరేఖకు దిగువన పడిందా? అయితే భూమధ్యరేఖ సోమాలియా గుండా పోతుందన్నమాట. భూమధ్యరేఖ దాటే దేశాల జాబితా అడిగితే చాలామంది ఉగాండా, కెన్యాల దగ్గరే ఆగిపోతారు.

ప్రిలిమ్స్ ఉచ్చులు ఈ తీరంలో చాలానే ఉన్నాయి. ఆఫ్రికా ప్రధాన భూభాగానికి తూర్పు కొస గార్డాఫుయ్ అని టిక్ పెట్టేస్తాం, ఎందుకంటే మ్యాపులో కొమ్ము మొన అదే. నిజానికి తూర్పు కొస దానికి దక్షిణాన ఉన్న రాస్ హాఫున్. మన కాగితం మీద అది 13.4, 12.4 దగ్గర పడుతుంది, అంటే ఒక్క మిల్లీమీటరు తూర్పుకి. ఆ మిల్లీమీటరుకి రావాల్సిన 2 మార్కులు పోవడమే కాక, చేతిలోంచి ఇంకో 0.66 పోతుంది. ఆఫ్రికాలో అతి పల్లపు చోటు జిబౌటిలోని అస్సాల్ సరస్సు, సముద్రమట్టానికి సుమారు 155 మీటర్ల దిగువన. ఇథియోపియాలోని డనాకిల్ పల్లం కాదు. రెండూ అఫార్ ప్రాంతంలోవే కాబట్టి తికమక సహజం. ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖ, తూర్పు ఆఫ్రికా పగులులోయ అనే మూడు చీలికలు కలిసేది కూడా అక్కడే. సొకోత్రా దీవి గార్డాఫుయ్‌కి దగ్గరగా ఉన్నా యెమెన్‌ది. బాబ్ ఎల్ మందెబ్ జలసంధిని రెండు పాయలు చేసే పెరిమ్ దీవి కూడా యెమెన్‌దే. జుబ్బా అంటే ఇక్కడ నది, దక్షిణ సూడాన్ రాజధాని జుబా వేరు. షెబెలీ నది ఇథియోపియా ఎత్తుల్లో పుట్టి, మొగదిషు దగ్గరదాకా వచ్చి, సముద్రంలో కలవకుండా తీరం వెంబడే నైరుతికి తిరిగి, మామూలు ఏడాదుల్లో చిత్తడి నేలల్లో ఇంకిపోతుంది. బాగా వానలు పడిన ఏడాదే జుబ్బాని అందుకుంటుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ టైం పెట్టాల్సింది గాలి మీద. మన నైరుతి రుతుపవనాన్ని మోసుకొచ్చే సోమాలీ జెట్ ఈ తీరాన్ని రాసుకుంటూ పోయి అరేబియా సముద్రం మీదికి తిరుగుతుంది. నల్లగొండ చేనుకి తడి తెచ్చే గాలి సోమాలియాని మాత్రం ఎండబెట్టి వస్తుందేమిటి? కారణం మూడు అంచెల్లో రాయండి. ఒకటి, గాలి తీరానికి సమాంతరంగా వీస్తుంది, లోపలికి తిరగదు. రెండు, ఉత్తరార్ధగోళంలో గాలి తోసే పైనీరు గాలికి కుడివైపుకి జరుగుతుంది. ఇక్కడ కుడివైపంటే నడిసముద్రం. ఒడ్డున ఖాళీ అయిన చోటుకి అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. మూడు, ఆ చల్లటి నీటి మీది గాలి పైకి లేవదు, మేఘం కట్టదు. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానల కాలం కాదు. వాళ్ల వానలు ఏప్రిల్, జూన్ మధ్య ‘గు’, అక్టోబరు, డిసెంబరు మధ్య ‘డేర్’. చలికాలంలో గాలి తిరగబడితే సోమాలీ ప్రవాహం కూడా దిశ మార్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు దిక్కు మారే ప్రవాహం ఏదంటే గుర్తుపెట్టుకోవాల్సింది దీన్నే.

ఒక తిరకాసు కూడా ఉంది. ఎల్‌నినో ఏడాది, అంటే పసిఫిక్ నడిమి నీళ్లు మామూలుకన్నా వేడెక్కిన ఏడాది, మనకు వాన తగ్గే అవకాశం ఎక్కువ. అదే ఏడాది అక్కడ డేర్ వానలు ముంచెత్తే అవకాశం ఎక్కువ. ఆ నీళ్లు చల్లబడే లానినా అయితే తారుమారు: 2020 నుంచి 2022 దాకా వరసగా ఐదు వానకాలాలు అక్కడ విఫలమయ్యాయి. కరవు గురించి రాస్తూ ‘ఎల్‌నినో వల్ల కొమ్ములో కరవు’ అని అలవాటుగా రాసేస్తాం. దిద్దేవాళ్లకు విషయం తెలిస్తే అక్కడే పెన్ను ఆగుతుంది.

ఇక చరిత్ర. ఓడకి ఏం కావాలన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆవిరి ఓడకి బొగ్గు కావాలి, బొగ్గు రేవులో ఉన్న దండుకి తిండి కావాలి. 1839లో బ్రిటన్ ఏడెన్‌ని పట్టుకుంది బొంబాయి, సూయెజ్ మధ్య తిరిగే ఆవిరి ఓడల బొగ్గు కోసం. ఏడెన్ మీద గడ్డి కూడా మొలవదు. మాంసం రావాల్సింది ఎదుటి ఒడ్డు నుంచి, బెర్బెరా మేకల సంతల నుంచి. ఆ రేవుల్లో ఉన్న ఈజిప్టు దళాలు సూడాన్‌లో మహ్దీ తిరుగుబాటు దెబ్బకి 1884లో వెనక్కి పోతుంటే, ఏడెన్ వంటింటి సరుకు వేరేవాళ్ల చేతిలో పడకుండా బ్రిటన్ సోమాలీ తెగలతో ఒప్పందాలు రాయించుకుంది. లోపలి నేల మీద బ్రిటన్‌కి మోజు లేదు. 1898 దాకా ఈ రక్షిత ప్రాంతం బ్రిటిష్ ఇండియా కిందే, ఏడెన్ నుంచే నడిచింది. మన రూపాయి అక్కడ చెల్లుబాటైంది అందుకే.

ఫ్రాన్స్ కథలో మూడు సంవత్సరాలు కలిసిపోయి ఇబ్బంది పెడతాయి. 1862లో ఒబోక్ రేవు కొన్నది, ఇరవై ఏళ్లు దాదాపు వదిలేసింది. చైనాతో పోరు నడుస్తున్నప్పుడు ఏడెన్‌లో బ్రిటన్ తటస్థమంటూ ఫ్రెంచి యుద్ధనౌకలకు బొగ్గు ఇవ్వలేదు. దాంతో 1884లో ఒబోక్‌లో నిజంగా కాపురం పెట్టింది. ఒబోక్ రేవు బాగాలేక తాజురా సింధుశాఖకి అవతలి ఒడ్డున జిబౌటిని కట్టుకుంది. అక్కణ్నుంచి అడిస్ అబాబాకి వేసిన రైలు 1917లో పూర్తయ్యాక లోపలి ఇథియోపియా సరుకంతా జిబౌటి మీదికి మళ్లింది, బ్రిటిష్ సోమాలీలాండ్‌లోని జైలా రేవు చతికిలబడింది. ఇథియోపియా ఇవాళ్టికీ జిబౌటి మీదే బతుకుతోంది అనడానికి మొదటి కారణం ఈ పట్టాలే. రెండోది 1993లో ఎరిత్రియా విడిపోయి తీరమంతా పోవడం.

ఇటలీ ఆలస్యంగా వచ్చింది. సూయెజ్ కాలువ తెరిచింది 1869 నవంబరు 17న. దానికి రెండు రోజుల ముందు రుబాట్టినో అనే ఓడల కంపెనీ పేరు మీద అస్సాబ్ కొనుగోలు జరిగింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుంటే మిగతా కథ మరిచిపోరు. 1882లో ప్రభుత్వం అస్సాబ్‌ని తీసుకుంది. 1885లో మసావాలో దిగింది, బ్రిటన్ కూడా ఫ్రాన్స్ రాకుండా ఉంటే చాలనుకుంది. 1890లో ఎరిత్రియా కాలనీ అయింది. దక్షిణాన మొగదిషు చుట్టుపక్కల బెనాదిర్ రేవుల్ని జాంజిబార్ సుల్తాన్ నుంచి ముందు కౌలుకి తీసుకుని, 1905లో కొనేసింది.

ఇక్కడ ఉచ్చల్లీ ఒప్పందం దగ్గర ఆగండి. 1889 మే 2న ఇథియోపియా పాలకుడు మెనెలిక్‌కీ ఇటలీకీ కుదిరింది. 17వ అధికరణానికి రెండు ప్రతులున్నాయి. ఇథియోపియా భాష అమ్హారిక్‌లోని ప్రతిలో విదేశీ వ్యవహారాలకు ఇటలీ సాయం ‘వాడుకోవచ్చు’. ఇటాలియన్ ప్రతిలో అది ‘వాడుకోవాలి’ అన్న అర్థం వచ్చేలా ఉంది. మన భాషలో ‘వచ్చు’కీ ‘వాలి’కీ ఉన్నంత తేడా, కానీ దానితో ఒక రాజ్యం రక్షిత ప్రాంతం కింద లెక్కకొచ్చింది. మెనెలిక్ 1893లో ఒప్పందాన్ని కాదన్నాడు. 1896 మార్చి 1న ఉత్తర ఇథియోపియాలోని అడ్వాలో జరిగిన యుద్ధంలో ఇటలీ ఓడింది. ఆ అక్టోబరులో అడిస్ అబాబా ఒప్పందంతో ఇథియోపియా స్వాతంత్ర్యాన్ని గుర్తించక తప్పలేదు. ఎరిత్రియా మాత్రం ఇటలీ చేతిలోనే ఉండిపోయింది. ‘అడ్వాతో ఇటలీ ఆఫ్రికా నుంచి వెళ్లిపోయింది’ అన్న స్టేట్‌మెంట్ ఇస్తే తప్పు.

వలస పాలన మీద సోమాలీలు తిరగబడ్డ దర్విష్ ఉద్యమానికి రెండు లైన్లు చాలు: సయ్యద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ నాయకత్వాన 1899 నుంచి 1920 దాకా, చివరికి బ్రిటన్ విమానాలతో బాంబులేసి అణిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో కెరెన్ పేరు వదలొద్దు. 1941లో ఎరిత్రియాలోని ఆ కొండల్లో ఇటలీ పట్టు విరిచినవాళ్లలో భారత 4వ, 5వ డివిజన్లున్నాయి, సుబేదార్ రిచ్పాల్ రామ్‌కి మరణానంతరం విక్టోరియా క్రాస్ వచ్చింది. భారత్, ఆఫ్రికా సంబంధాల జవాబుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

1960 తర్వాతి గొడవలన్నీ సోమాలియా జెండాలో ఉన్నాయి. నక్షత్రానికి ఐదు కొనలు: బ్రిటిష్ సోమాలీలాండ్, ఇటాలియన్ సోమాలీలాండ్, ఫ్రెంచ్ సోమాలీలాండ్, ఇథియోపియాలోని ఒగాడెన్, కెన్యా ఉత్తర సరిహద్దు జిల్లా. మొదటి రెండే కలిశాయి. బ్రిటిష్ భాగానికి 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వస్తే, జులై 1న ఇటాలియన్ భాగంతో విలీనమైంది. మధ్యలో ఐదు రోజులు విడి దేశం. 1991లో సోమాలీలాండ్ విడిపోతున్నట్టు ప్రకటించుకున్నప్పుడు చూపించిన ఆధారం ఆ ఐదు రోజులే, ఆ పాత సరిహద్దులే. మూడో కొన 1977లో జిబౌటిగా వేరే దేశమైంది. నాలుగో కొన కోసం 1977-78లో సోమాలియా, ఇథియోపియా మధ్య యుద్ధం జరిగింది. ఐదో కొన కెన్యాలోనే ఉంది.

జవాబు రాసేటప్పుడు. ‘ఆఫ్రికా కొమ్ములో సరిహద్దు వివాదాలకు వలస పాలన ఎంతవరకు కారణం?’ అని 15 మార్కులకు ప్రాక్టీస్ చేయండి. 250 పదాలు, పది నిమిషాలు. ఒక నిమిషం మ్యాపుకి: ఐదు చుక్కలు, తీరపు గీత, అంతకు మించి వద్దు. 30 పదాల్లో ప్రవేశిక. 120 పదాల్లో వలస కారణాలు, అందులో 1897లో బ్రిటన్ సోమాలీ పశువుల మేత బీళ్లను ఇథియోపియాకి ఒప్పుకున్న సంగతి, 1952లో ఎరిత్రియాని ఇథియోపియాతో సమాఖ్యగా కలపడం తప్పక రాయండి. చాలా కాపీలు ఇక్కడే ఆగిపోతాయి, మార్కులూ ఇక్కడే ఆగిపోతాయి. ‘ఎంతవరకు’ అన్న మాటకి ఇంకో 80 పదాలు దాచుకోవాలి: మెనెలిక్ 1887లో హరార్ నగరాన్ని తానే ఆక్రమించాడు, 1962లో ఎరిత్రియాని కలిపేసుకున్నది యూరప్ కాదు ఇథియోపియా, 1964లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పాత గీతల్నే ఉంచుదామంటే సోమాలియా ఒప్పుకోలేదు. మిగిలిన 20 పదాల్లో 2024 జనవరి 1న ఇథియోపియా, సోమాలీలాండ్ మధ్య రేవు కోసం కుదిరిన అవగాహన ఒప్పందం.

తెలుగు మీడియంలో రాసేవాళ్లకి ఒక మాట. పేరు ఎలా రాయాలన్న సందేహంతో పరీక్ష హాల్లో కూర్చోవద్దు. ఉచ్చల్లీ, ఉచాలే, వుచాలే అని పుస్తకానికో తీరుగా ఉంటుంది. ఇంట్లోనే ఒక రూపం ఖాయం చేసుకుని, కాపీ అంతటా అదే రాయండి. సోమాలియా, సోమాలీలాండ్ మాత్రం తొందరలో కూడా ఒకదాని బదులు ఒకటి పడకూడదు.

రివిజన్‌కి పుస్తకం తెరవక్కర్లేదు. పదిహేను రోజులకోసారి ఖాళీ ఏ4 కాగితం మీద ఆ ఎనిమిది చుక్కలూ పెట్టి, ఒక్కో చుక్క పక్కన ఎవరు, ఎప్పుడు, ఏ పని మీద వచ్చారో మూడు మాటల్లో రాయండి. పన్నెండు నిమిషాలకి మించితే ఏ చుక్క దగ్గర ఆగారో గుర్తు పెట్టుకుని అది ఒక్కటే మళ్లీ చదవండి. చాలామందికి ఆ చుక్క అస్సాబ్ అవుతుంది.