ఎర్ర రంగు పూసిన బొమ్మ

నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే రాయి ఒకటుంది. పిడికెడంత గ్రానైట్. మొన్న మా అమ్మాయి సైన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నాన్నా, ఇది ఖనిజమా, శిలా?" అని అడిగింది. "రెండూ ఒకటేగా" అనేశాను. అది మాట్లాడకుండా పుస్తకం నా వైపు తిప్పింది.

సరే, భూతద్దం తీశాం. ఒక్క రాయిలోనే మూడు రకాల గింజలు. బూడిదరంగులో గాజుపెంకులా ఉన్నది క్వార్ట్జ్. లేత గులాబీ రంగులో, వెలుతురుకు తిప్పితే చదునుగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్ల మచ్చలు అభ్రకం, గుండుసూదితో గీకితే పొరలుగా లేచొచ్చింది. ఇవీ ఖనిజాలు. క్వార్ట్జ్ ఎక్కడ దొరికినా ఒక సిలికాన్‌కు రెండు ఆక్సిజన్లు, అదే లెక్క. గ్రానైట్‌కు అలాంటి ఫార్ములా లేదు, అది ఈ ఖనిజాల కలగలుపు. కాబట్టి శిల. ప్రకృతిలో గడ్డకట్టిన మంచు కూడా ఖనిజమేనంటే మాత్రం మా అమ్మాయి ఇప్పటికీ నమ్మడం లేదు.

గింజలు కంటికి కనిపించేంత పెద్దగా ఉన్నాయంటే, కరిగిన రాయి కిలోమీటర్ల లోతున చాలా నిదానంగా చల్లారిందన్నమాట. అదే పైకి పొంగి గబుక్కున చల్లారితే గింజ కట్టే వ్యవధే ఉండదు, అబ్సిడియన్ లాంటి నల్లటి గాజు మిగులుతుంది.

"అయితే కింద అంతా కరిగిన రాయేనా?" అంది. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే అనుకున్నాను. తప్పు సైన్సు పుస్తకాల్లోని బొమ్మది. ఉడకబెట్టిన గుడ్డును కోసినట్టు భూమిని కోసి, పైపెంకుకూ నడిమి కోర్‌కూ మధ్య ఉండే మందపాటి పొరకు, అంటే మాంటిల్‌కు, ఎర్ర రంగు పూసేస్తారు. చూసినవాళ్లకు లావా సముద్రం అనిపించక ఏమనిపిస్తుంది?

నిజానికి మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. ఖండాల కింద సుమారు 30 నుంచి 50 కిలోమీటర్లు, సముద్రాల కింద ఏడెనిమిది కిలోమీటర్లు మందాన ఉన్న పటలం, అంటే ఆ పైపెంకు, దాటితే అది మొదలై, 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. ఎవరూ వెళ్లి చూసింది లేదు. రష్యాలోని కోలా దగ్గర 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లు దిగింది, పటలాన్ని కూడా దాటలేదు. లోపలి సంగతి చెప్పింది భూకంపాలే. భూకంపం వచ్చినప్పుడు భూమి లోపలికి పాకే తరంగాల్లో ఒక రకమైన ఎస్ తరంగాలు ద్రవంలో సాగలేవు. అవి మాంటిల్‌లో చక్కగా సాగి, 2,900 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి బయటి కోర్, కరిగిన ఇనుము. దాని లోపల ఇంకో గోళం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ చెప్పారు. ఆ లోపలి కోర్ ఇంకా వేడిగా ఉన్నా గట్టిగానే ఉంటుంది, ఒత్తిడి కరగనివ్వదు.

మరి లావా ఎక్కడిది? మాంటిల్ రాయి గట్టిదైనా ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకుతుంది, హిమానీనదంలో మంచు కదిలినట్టు. అలా పైకి వచ్చినచోట ఒత్తిడి తగ్గి కొంచెం కరుగుతుంది. నీరు చేరినచోట కూడా తక్కువ వేడికే కరుగుతుంది. అగ్నిపర్వతాలకు అది చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రంగు సంగతి. లావా ఒక్కోసారి మాంటిల్ ముక్కలను తనతో పైకి మోసుకొస్తుంది. చల్లారిన ఆ ముక్కలు ఆకుపచ్చగా ఉంటాయి! వాటిలో ఆలివిన్ అనే ఖనిజమే ఎక్కువ. లోపల ఉన్నప్పుడు ఆ వేడికి ఎర్రగా మెరుస్తుందనుకోండి, బొమ్మ గీసినవాళ్లను పూర్తిగా తిట్టలేం.

మా అమ్మాయి నోట్సులో మాంటిల్‌కు ఆకుపచ్చ స్కెచ్ పెన్ను వేసింది. పరీక్షలో మాత్రం ఎరుపే వేస్తానంది. నేనేం అనలేదు.